మ్యాప్ క్వెరీల మరమ్మతు డైరీ: 20 లక్షల చుక్కలు, 33 జిల్లాలు, ఒక తప్పు కిలోమీటరు

సరంజామా: 4 కోర్లు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ఒక సర్వర్. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 16, దానికి మ్యాప్ లెక్కలు నేర్పే చేర్పు పోస్ట్‌జీఐఎస్ 3.4. వెబ్ మ్యాప్ తెరవగానే డేటాబేస్‌కు మూడు పనులు పడతాయి.

అ. క్లిక్ చేసిన చోటు నుంచి 1 కి.మీ లోపల ఉన్న పాయింట్లు.
ఆ. తెలంగాణ జిల్లాల వారీగా పాయింట్ల లెక్క.
ఇ. జూమ్ 6లో కనిపించే ఆరు వెక్టర్ టైళ్ళు (మ్యాప్‌ను కోసిన చతురస్రపు ముక్కలు).

కొలిచే పద్ధతి అన్ని దశల్లోనూ ఒకటే. ‘ఎక్స్‌ప్లెయిన్’కు (క్వెరీ ఎలా నడిచిందో చూపే ఆజ్ఞ) ‘అనలైజ్, బఫర్స్’ రెండూ చేర్చి ఆరుసార్లు నడపాలి. మొదటిది చల్లటి క్యాష్‌తో నడుస్తుంది కాబట్టి దాన్ని వదిలేసి, మిగతా ఐదింటిలో మధ్యది రాసుకోవాలి. మిల్లీసెకన్లు యంత్రాన్ని బట్టి మారతాయి. చదివిన పేజీల సంఖ్య అంతగా మారదు. అందుకే ఈ పని కాపీ చేసుకునేవాళ్ళు మా మిల్లీసెకన్ల కంటే పేజీల లెక్కనే పోల్చుకోవడం మంచిది.

మొదటి రోజు మొత్తం: అ 6,240 + ఆ 42,600 + ఇ 14,900 = 63,740 మి.సె.

దశ 1: పరీక్ష డేటా (రెండుసార్లు తప్పింది)

అసలు డేటా బయటకు ఇచ్చేది కాదు. ఎవరైనా తిరిగి చేసి చూసుకోవాలంటే డేటా తయారుచేసుకోగలగాలి. అందుకని ‘జనరేట్_సిరీస్’తో 20 లక్షల పాయింట్లు పుట్టించాం. రేఖాంశం 76.7 నుంచి 84.8, అక్షాంశం 12.6 నుంచి 19.9. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలూ ఈ పెట్టెలో పడతాయి. పక్క రాష్ట్రాల ముక్కలూ, కొంత బంగాళాఖాతమూ కూడా పడతాయి, దానితో ఇబ్బంది లేదు.

మొదటి తప్పు: పాయింట్లను పెట్టెంతా సమానంగా చల్లడం. పెట్టె వైశాల్యం దాదాపు 7 లక్షల చదరపు కి.మీ. 20 లక్షలను 7 లక్షలతో భాగించి, 1 కి.మీ వృత్తం వైశాల్యం 3.14తో గుణిస్తే క్లిక్‌కు సుమారు 9 పాయింట్లు. తొమ్మిది రికార్డులు తెచ్చే క్వెరీ ఎలా రాసినా వేగంగానే కనిపిస్తుంది. అసలు డేటా అలా ఉండదు, ఊళ్ళ దగ్గర గుట్టలుగా పడి ఉంటుంది. ఇండెక్స్‌కు అసలు పరీక్ష అక్కడే.

మార్పు: 10 లక్షలు పెట్టెంతా చల్లి, మిగతా 10 లక్షలు పది ఊళ్ళ చుట్టూ 10 కి.మీ లోపల, ఊరికి లక్ష చొప్పున వేశాం. హైదరాబాద్, వరంగల్, నిజామాబాద్, కరీంనగర్, ఖమ్మం, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, తిరుపతి, కర్నూలు. (విశాఖ పాయింట్లలో చాలా సముద్రంలో తేలుతున్నాయి. తేలనివ్వండి.)

ఇక లెక్క సులువు. 10 కి.మీ వృత్తంలో లక్ష ఉంటే, పదో వంతు వ్యాసార్థంలో నూరో వంతు, అంటే 1,000 రావాలి. చల్లిన వాటిలోంచి మరో 4 లేక 5. హైదరాబాద్ నడిబొడ్డున క్లిక్ చేస్తే 1,004 చుట్టుపక్కల ఏదో అంకె రావాలి.

రెండో తప్పు అక్కడే బయటపడింది. వచ్చింది 10,000 పైన. దూరానికి 10 × ‘ర్యాండమ్’ అని రాశాం. అలా రాస్తే వ్యాసార్థంలో పదో వంతుకే పాయింట్లలో పదో వంతు చేరుతుంది, అన్నీ మధ్యలో కుప్ప పడతాయి. 10 × వర్గమూలం(ర్యాండమ్) అని రాస్తేనే వైశాల్యం మీద సమంగా పరుచుకుంటాయి.

వరుస ఇది:
1. ‘సెట్‌సీడ్’తో విత్తనం పెట్టాలి. లేకపోతే రేపటి డేటా వేరు.
2. జియోగ్రఫీ రకం (గోళం మీద కొలిచేది) మీద ‘ఎస్‌టీ_ప్రాజెక్ట్’కు దూరం, దిక్కు ఇచ్చి పాయింట్ పుట్టించాలి.
3. 3857కు (వెబ్ మ్యాప్‌ల మెర్కేటర్ కొలత) మార్చి ‘జియోమ్’ కాలమ్‌లో పెట్టాలి.
4. ‘ఆర్డర్ బై ర్యాండమ్’తో కలగాపులగం చేసి టేబుల్‌లో వేయాలి. అసలు డేటా కూడా అడ్డదిడ్డంగానే చేరుతుంది.
5. జిస్ట్ ఇండెక్స్ (చోటును బట్టి వెతికేది), ఆ వెంటనే ‘అనలైజ్’ (టేబుల్ గణాంకాలు పట్టే ఆజ్ఞ).

సరిచేశాక పాత క్వెరీ ఇచ్చిన లెక్క 1,009. ఈ అంకెను కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించాం. తర్వాత పనికొచ్చింది.

దశ 2: 1 కి.మీ లోపల ఉన్నవి

పాత క్వెరీ షరతు ఇలా ఉండేది:

వేర్ ఎస్‌టీ_డిస్టెన్స్(ఎస్‌టీ_ట్రాన్స్‌ఫామ్(జియోమ్, 4326)::జియోగ్రఫీ, చోటు) < 1000

జవాబు సరైనదే. కానీ ఇండెక్స్ ఉన్నది ‘జియోమ్’ మీద, అడుగుతున్నది దాన్ని మార్చగా వచ్చిన విలువను. పైగా ‘ఎస్‌టీ_డిస్టెన్స్’ ఇచ్చేది ఒక అంకె. ఆ అంకె 1000 కన్నా తక్కువా అన్న ప్రశ్నకు ఇండెక్స్‌లో సమాధానం లేదు. ప్లాన్‌లో (క్వెరీని ఎలా నడపాలో డేటాబేస్ వేసుకునే పథకం) ‘ప్యారలల్ సీక్వెన్షియల్ స్కాన్’, అంటే టేబుల్ మొత్తం చదవడం. 20 లక్షల రికార్డులకూ గోళం మీద దూరం కట్టి 1,009 ఉంచుకుని మిగతావి పారేస్తోంది. 6,240 మి.సె అందుకే.

మొదటి దిద్దుబాటు అందరూ చేసేదే, ఇండెక్స్ వాడగలిగే దూరం షరతు:

వేర్ ఎస్‌టీ_డీవిథిన్(జియోమ్, చోటు_3857, 1000)

‘బిట్‌మ్యాప్ ఇండెక్స్ స్కాన్’ వచ్చింది. 6,240 నుంచి 21 మి.సె.

మొత్తం: 21 + 42,600 + 14,900 = 57,521 మి.సె.

వచ్చిన పాయింట్లు 917. కాగితం మీద ఉన్నది 1,009.

3857లో మీటరు నేల మీద మీటరు కాదు. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ మెర్కేటర్ మ్యాప్ సాగుతుంది. హైదరాబాద్ అక్షాంశం 17.385, దాని కొసైన్ 0.954. అంటే ‘1000’ అని అడిగితే నేల మీద దాదాపు 954 మీటర్లే వెతుకుతుంది. వైశాల్యంలో 0.954 × 0.954, దాదాపు తొమ్మిది శాతం కోత. కుప్పంలో అదే క్వెరీ 975 మీటర్లు వెతుకుతుంది, ఇచ్ఛాపురంలో 945. ఒకే యాప్‌లో ఊరికో కిలోమీటరు! ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, స్క్రీన్ మీద చుక్కలు బాగానే కనిపిస్తాయి. ముందే లెక్క కట్టి పెట్టుకోకపోతే ఇది పట్టుబడేది కాదు.

పరిష్కారాలు మూడు చూశాం.

యూటీఎమ్ (భూమిని ఆరేసి డిగ్రీల మండలాలుగా కోసి కొలిచే పద్ధతి): హైదరాబాద్‌కు 44వ మండలం, ఈపీఎస్‌జీ 32644. అది 78 నుంచి 84 డిగ్రీల వరకే. జహీరాబాద్, అనంతపురం 43లో పడతాయి, ఇచ్ఛాపురం 45లో. ఒక్క నగరం మ్యాప్‌కైతే ఇదే శుభ్రమైన దారి. రెండు రాష్ట్రాలకు పనికిరాదు.

జియోగ్రఫీ మీద రెండో ఇండెక్స్: పనిచేస్తుంది. కాకపోతే ఇండెక్స్‌లో రాసిన వ్యక్తీకరణనే క్వెరీలోనూ రాయాలి. ఎవరో ఒకరు క్యాస్ట్ మరిచిపోయిన రోజున మళ్ళీ 20 లక్షల స్కాన్.

చివరికి ఉంచింది రెండు మెట్ల జల్లెడ:
1. వ్యాసార్థం = 1000 ÷ కొసైన్(క్లిక్ అక్షాంశం) × 1.01. దీనితో 3857లో ‘ఎస్‌టీ_డీవిథిన్’.
2. మిగిలినవాటి మీద మాత్రమే జియోగ్రఫీ దూరం 1000 లోపా అని చూడటం.

ఆ 1.01 ఎందుకంటే, 3857 భూమిని గుండ్రని బంతి అనుకుంటుంది, జియోగ్రఫీ ధ్రువాల దగ్గర నొక్కిన బంతి అనుకుంటుంది. మన అక్షాంశాల్లో ఉత్తర దక్షిణాలుగా అర శాతం పైచిలుకు తేడా వస్తుంది. ఒక శాతం వదులు ఇస్తే మొదటి జల్లెడలో ఎవరూ జారిపోరు.

లెక్క 1,009. సమయం 34 మి.సె. మొత్తం 57,534కు పెరిగింది. ఈ డైరీలో మొత్తం పెరిగిన చోటు ఇదొక్కటే, దానికి చింత లేదు.

దశ 3: టేబుల్‌ను సర్దడం

34 మి.సె ఎక్కడ పోతోందో ‘బఫర్స్’ వరుస చెబుతుంది. ఇండెక్స్ చతురస్రాన్నే వెతకగలదు, వృత్తాన్ని కాదు. చతురస్రం వైశాల్యం వృత్తానికి 1.27 రెట్లు. కాబట్టి దాదాపు 1,300 రికార్డులు పట్టుకొచ్చి, 290 దాకా తర్వాత తీసేస్తోంది. అది మామూలే. బాధంతా ఆ 1,300 కోసం 1,250 దాకా పేజీలు తెరవడం. ఒక్కో పేజీ 8 కేబీ, ఒక్కోదానిలో వంద పైచిలుకు రికార్డులు. ప్రతి పేజీలోనూ మనకు కావలసింది ఒకటే ఉంది. పక్కపక్క ఇళ్ళ కాగితాలు వేర్వేరు బీరువాల్లో ఉన్నట్టు.

‘క్లస్టర్’ ఆజ్ఞ ఈ పని చేస్తుంది కానీ, అయ్యేదాకా టేబుల్‌కు పూర్తి తాళం. చదవడం కూడా కుదరదు. అందుకని పక్కన కొత్త టేబుల్ కట్టి పేరు మార్చాం:

1. ‘క్రియేట్ టేబుల్ పాయింట్లు_కొత్త యాజ్ సెలెక్ట్ … ఆర్డర్ బై జియోమ్’. పోస్ట్‌జీఐఎస్ 3.0 నుంచి జియోమెట్రీ మీద ఆర్డర్ అంటే హిల్బర్ట్ వంపు వరుస. నేల మీద దగ్గరగా ఉన్నవి టేబుల్‌లోనూ దగ్గరకొస్తాయి.
2. జిస్ట్ ఇండెక్స్, ప్రైమరీ కీ.
3. ‘అనలైజ్’.
4. ఒకే ట్రాన్సాక్షన్‌లో రెండు పేర్ల మార్పు.

మొదటిసారి చేసినప్పుడు మూడో మెట్టు మరిచిపోయాం. గణాంకాలు లేని టేబుల్ మీద ప్లానర్ ఊహతో నడిచింది, జిల్లాల క్వెరీ ‘నెస్టెడ్ లూప్’ను తలకిందులుగా పట్టుకుంది. ఆటోవాక్యూమ్ వచ్చి ‘అనలైజ్’ చేసేదాకా అంతే. రెండోసారి అది గుర్తుంది, ‘గ్రాంట్’ గుర్తులేదు. ఇలా కట్టిన టేబుల్‌కు పాత టేబుల్ అనుమతులు రావు. పేరు మార్చిన క్షణం నుంచి యాప్ అంతటా అనుమతి లేదన్న ఎర్రర్. కాబట్టి: 3అ. గ్రాంట్లు.

1,250 పేజీలు 50 లోపుకు వచ్చాయి. క్వెరీలో ఒక్క అక్షరం మారలేదు.

మొత్తం: 8 + 39,900 + 14,200 = 54,108 మి.సె.

దశ 4: జిల్లాల లెక్క

సరిహద్దులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి, జియోఫాబ్రిక్ ఇచ్చే భారత దక్షిణ మండలం ఫైలు, ‘ఓఎస్‌ఎమ్2పీజీఎస్‌క్యూఎల్’తో లోడ్. భారత్‌లో జిల్లాకు అడ్మిన్ లెవెల్ 5. తెలంగాణలో 33 రావాలి. 31 వస్తే 2019లో ములుగు, నారాయణపేట చేరకముందటి పాత ఫైలు ఎక్కడి నుంచో దొరికిందని అర్థం. 32 వస్తే ఎవరో సరిహద్దు గీత ఎక్కడో తెంపారు, వలయం మూసుకోక ఆ జిల్లా లోడ్ కాలేదు. ముందు ఈ లెక్క చూడకుండా వేగం సంగతి ఎత్తవద్దు.

రావలసిన జవాబు: తెలంగాణ 1,12,077 చదరపు కి.మీ. చల్లిన పాయింట్ల నుంచి దాదాపు 1.6 లక్షలు, ఐదు ఊళ్ళ నుంచి 5 లక్షలు. జిల్లాల మొత్తం 6.6 లక్షల దగ్గర ఉండాలి. ఉంది.

39,900 మి.సె ఎందుకు? ఇండెక్స్ వాడుతోంది, తప్పు దానిది కాదు. ఇండెక్స్‌లో ఉండేది జిల్లా చుట్టూ గీసిన పెట్టె మాత్రమే. వంకరటింకర జిల్లాల పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పెట్టెలో పడిన ప్రతి పాయింట్‌కూ అసలు సరిహద్దుతో సరిచూడాలి. ఒక శీర్షానికి 16 బైట్లు. 10,000 శీర్షాల జిల్లా 160 కేబీ. రికార్డు 2 కేబీ దాటితే పోస్ట్‌గ్రెస్ ఆ విలువను పక్కన టోస్ట్ టేబుల్‌లో ముక్కలుగా దాస్తుంది. చదవాలంటే ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి అతకాలి.

మందు ‘ఎస్‌టీ_సబ్‌డివైడ్’: జిల్లాను చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ జిల్లా ఐడీ తగిలించి వేరే టేబుల్‌లో పెట్టడం. దాని డిఫాల్ట్ 256 శీర్షాలు. 256 × 16 = 4,096 బైట్లు, మళ్ళీ టోస్ట్‌లోకే. 100 పెడితే 1,600 బైట్లు, రికార్డు టేబుల్‌లోనే కూర్చుంటుంది. మేం 100 ఉంచాం.

39,900 నుంచి 5,300 మి.సె.

మొత్తం: 8 + 5,300 + 14,200 = 19,508 మి.సె.

ఇందులో ఇరుక్కునే చోట్లు:

ముక్కల టేబుల్‌ను మ్యాప్ మీద గీయకండి. కోసిన గీతలన్నీ సరిహద్దుల్లా కనిపిస్తాయి, జిల్లా గళ్ళ లుంగీ అవుతుంది. వెతకడానికి ముక్కలు, గీయడానికి అసలుది.

పాయింట్ల బదులు రోడ్లు పెడితే లెక్క పెరుగుతుంది. ఒకే జిల్లాలో మూడు ముక్కలను తాకిన రోడ్డు మూడుసార్లు వస్తుంది. ‘కౌంట్ డిస్టింక్ట్’ గాని, ‘ఎగ్జిస్ట్స్’ గాని వాడాలి. యాదృచ్ఛిక పాయింట్లు కోత గీత మీద సరిగ్గా పడవు కాబట్టి మా పరీక్షలో ఇది కనిపించలేదు, రోడ్లు వేశాకే తెలిసింది.

గీయడానికి సరిహద్దులు పలచన చేయాలనుకుంటే ‘ఎస్‌టీ_సింప్లిఫై’ ఒక్కో జిల్లాను విడిగా చెక్కుతుంది. పొరుగు జిల్లాల మధ్య సందులు పడతాయి. 3.4లో ‘ఎస్‌టీ_కవరేజ్‌సింప్లిఫై’ ఉంది, ఉమ్మడి గీతను రెండు వైపులా ఒకేలా చెక్కుతుంది. దానికి జియోస్ (పోస్ట్‌జీఐఎస్ వాడే జ్యామితి లైబ్రరీ) 3.12 కావాలి. పోస్ట్‌జీఐఎస్ మాత్రమే అప్‌గ్రేడ్ చేసి జియోస్ పాతదే ఉంచితే ఆ ఫంక్షన్ పనిచేయదు.

ఇదే క్వెరీలో ఇంకో దొంగ జిట్ (నడిపే ముందు క్వెరీని యంత్ర భాషలోకి మార్చడం). పోస్ట్‌జీఐఎస్ ఫంక్షన్ల అంచనా ఖర్చు పెద్దగా ఉంటుంది, అది లక్ష దాటగానే పోస్ట్‌గ్రెస్ జిట్ కంపైల్ మొదలుపెడుతుంది. ప్లాన్ అడుగున ‘జిట్’ పేరాలో వందల మి.సె కనిపిస్తే ఈ యాప్ యూజర్‌కు ‘జిట్ = ఆఫ్’ చేసి మళ్ళీ కొలవండి.

చివరికి ఈ క్వెరీని పేజీ తెరిచినప్పుడు నడపడమే మానేశాం. పాయింట్లు రోజుకోసారి మారేవి, లెక్క రోజుకోసారి చాలు. ‘మెటీరియలైజ్డ్ వ్యూ’లో (జవాబును దాచి ఉంచే వ్యూ) పెట్టాం. చదివేవాళ్ళను ఆపకుండా తాజా చేయాలంటే ‘రిఫ్రెష్ … కంకరెంట్లీ’, దానికి యూనిక్ ఇండెక్స్ ఒకటి తప్పనిసరి. 2 మి.సె.

మొత్తం: 8 + 2 + 14,200 = 14,210 మి.సె.

దశ 5: టైళ్ళు

జూమ్ 6లో మన పెట్టె మూడు నిలువు వరుసలు, రెండు అడ్డ వరుసలు: 45 నుంచి 47, 28 నుంచి 29. ఆరు టైళ్ళలో 20 లక్షల చుక్కలు. ఇక్కడ ఇండెక్స్ చేసేదేమీ లేదు, అడుగుతున్నదే మొత్తం టేబుల్‌ను. వేల చుక్కలు ఒకే పిక్సెల్ మీద కూర్చుంటే చూసేవాడికి కనిపించేది ఒకటే. కాబట్టి తక్కువ జూమ్‌లకు ముందే గుంపులు కట్టాలి.

జూమ్ 6 టైల్ వెడల్పు 6,26,172 మీటర్లు (3857 మీటర్లే, పైన చెప్పిన తేడాతో). 256 పిక్సెళ్ళతో భాగిస్తే పిక్సెల్‌కు 2,445.98. ఎనిమిది పిక్సెళ్ళ గడి అంటే 19,567.9 మీటర్లు, టైల్‌కు 32 × 32 గడులు. ఆరు టైళ్ళకూ కలిపి గరిష్ఠంగా 6,144. పెట్టె వాటిలో కొంతే నింపుతుంది కాబట్టి రెండు వేల దగ్గర తేలతాయి.

మొదటి ప్రయత్నం: టైల్ క్వెరీలోనే ‘ఎస్‌టీ_స్నాప్‌టుగ్రిడ్(జియోమ్, 19567.9)’తో గుంపు కట్టడం. టైళ్ళ అంచుల్లో చుక్కలు జంటలుగా వచ్చాయి. స్నాప్ దగ్గరి గీటుకు సర్దుతుంది, కింది గీటుకు కాదు. అందువల్ల గడి టైల్ అంచుకు అటు సగం ఇటు సగం పడుతుంది. రెండు టైళ్ళూ తమ సగాన్ని లెక్కపెట్టి, చుక్కను ఒకే చోట గీస్తాయి. ఒకటి 400, ఒకటి 380. అసలు 780.

రెండో ప్రయత్నం, ఉంచింది:
1. మూలం ఇచ్చే రూపం వాడాలి: మూల ఎక్స్, మూల వై, గడి వెడల్పు, గడి ఎత్తు.
2. రెండు మూలాలూ −20037508.34 + సగం గడి (9,783.94). అప్పుడు గడులు టైల్ అంచుకు సరిగ్గా అతుకుతాయి, చుక్క గడి మధ్యలో పడుతుంది.
3. ఒక్కసారే మొత్తం టేబుల్ మీద నడిపి ‘గుంపులు’ టేబుల్‌లో జూమ్, జియోమ్, లెక్క రాయాలి. గడి వెడల్పును గుండ్రం చేసి రాయవద్దు, భాగహారం క్వెరీలోనే చేయించండి. దశాంశాలు కోస్తే వేల గడులు దాటేసరికి అంచు జరిగిపోతుంది.
4. తనిఖీ: ప్రతి జూమ్‌కూ లెక్కల మొత్తం 20,00,000 ఉండాలి.

ఆరు టైళ్ళకు కలిపి 30 మి.సె.

మొత్తం: 8 + 2 + 30 = 40 మి.సె.

దశ 6: టెర్మినల్‌లో వేగం, యాప్‌లో నెమ్మది

‘పీఎస్‌క్యూఎల్’లో అతికించి నడిపితే టైల్ 5 మి.సె. యాప్ లాగ్‌లో అదే టైల్ మొదట 5, కాసేపటికి 300 దాటి. సర్వర్ తిరిగి మొదలుపెడితే బాగుపడి, మళ్ళీ పాడవుతుంది. నెట్‌వర్క్‌ను, పూలింగ్‌ను అనుమానించి ఒక పూట పోయింది.

కారణం ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (ఒకసారి సిద్ధం చేసి, విలువలు మార్చి మళ్ళీ మళ్ళీ నడిపే క్వెరీ). పోస్ట్‌గ్రెస్ మొదటి ఐదుసార్లు విలువలు చూసి ప్లాన్ వేస్తుంది. ఆరోసారి నుంచి విలువలు చూడని సాధారణ ప్లాన్ చవక అనిపిస్తే దానికే కట్టుబడుతుంది. గుంపుల టేబుల్‌కు జూమ్ వారీగా పాక్షిక ఇండెక్స్‌లు పెట్టాం, ‘వేర్ జూమ్ = 6’ అన్నట్టు. జూమ్ పారామీటర్‌గా వస్తే అది 6 అని సాధారణ ప్లాన్‌కు తెలియదు, పాక్షిక ఇండెక్స్ వాడలేదు.

టెర్మినల్‌లో చూపించుకోవాలంటే: ‘ప్రిపేర్’ చేసి ఆరుసార్లు ‘ఎక్స్‌ప్లెయిన్ ఎగ్జిక్యూట్’. ప్లాన్‌లో అసలు అంకెల బదులు డాలర్ 1, డాలర్ 2 కనిపించిన క్షణమే జబ్బు దొరికినట్టు.

మార్పు: టైల్ యూజర్‌కు ‘ప్లాన్_క్యాష్_మోడ్ = ఫోర్స్_కస్టమ్_ప్లాన్’. ప్రతిసారీ ప్లాన్ వేసే ఖర్చు ఒక మి.సె లోపు.

దశ 7: సెట్టింగులు (చివర్లో, కావాలనే)

‘ర్యాండమ్_పేజ్_కాస్ట్’ 4 నుంచి 1.1. డిఫాల్ట్ తిరిగే డిస్కులకు తగ్గది, ఇక్కడున్నది ఎస్‌ఎస్‌డీ. రెండు క్వెరీల ప్లాన్ మెరుగైంది, మిగతావాటిలో తేడా లేదు.

‘వర్క్_మెమ్’ 4 ఎంబీ నుంచి 64 చేసి వెనక్కి తీశాం. అది కనెక్షన్‌కు కాదు, ప్లాన్‌లో ఒక్కో సార్ట్‌కు, ఒక్కో హ్యాష్‌కు. 40 కనెక్షన్లు, రెండేసి మెట్లు: 64 × 40 × 2 = 5,120 ఎంబీ. 16 జీబీ యంత్రంలో మూడో వంతు దాకా దానికే పోతుంది. ఇప్పుడు 16 ఎంబీ, రాత్రి రిఫ్రెష్ చేసే సెషన్‌కు మాత్రం 256.

‘క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ’ మధ్యలో తెగితే సగం ఇండెక్స్ చెల్లనిదిగా మిగిలిపోతుంది. క్వెరీలు దాన్ని వాడవు, ప్రతి ఇన్‌సర్ట్ మాత్రం దాన్ని మోస్తూనే ఉంటుంది. టేబుల్ వివరాల్లో ‘ఇన్‌వాలిడ్’ అని చూపిస్తుంది. తీసేసి మళ్ళీ కట్టాలి. మా దగ్గర అలాంటివి రెండు దొరికాయి.

రాత్రి లోడ్ వరుస ఇప్పుడిలా ఉంది: లోడ్, కొత్త టేబుల్ వరుసలో, ఇండెక్స్, గ్రాంట్, అనలైజ్, గుంపులు, తర్వాత మూడు తనిఖీలు (పరీక్ష డేటాకైతే జిల్లాలు 33, హైదరాబాద్ క్లిక్ 1,009, గుంపుల మొత్తం 20,00,000), అన్నీ సరిపోతేనే పేరు మార్పు, ఆ తర్వాత జిల్లాల వ్యూ రిఫ్రెష్. వ్యూ పాత టేబుల్‌నే పట్టుకుని వేలాడుతుంది, పేరు మార్చినా వదలదు. కాబట్టి వ్యూను కూడా కొత్త టేబుల్ మీద తిరిగి కట్టాలి. దాన్ని వరుసలో ఇంకా చేర్చలేదు, ప్రస్తుతం చేత్తో చేస్తున్నాం.